పక్కగది డాట్ కామ్

జ్ఞానం కావాలనుకునేవాడు మొట్టమొదట చేయవలసిన పని, ఇంట్లోవాళ్ళతో మాట్లాడటం మానేయడం.

తొందరపడి పత్రిక మడిచేయకండి. ఊరికే అనడం లేదు, అనుభవం మీద చెబుతున్నాను. వెతికి వెతికి మంచి బ్లాగులూ వెబ్‌సైట్లూ పట్టుకుని, ఆదివారం ఆదివారం మీకు పరిచయం చేస్తున్నవాడిని. నా మాట కాస్త నమ్మండి. ఒక మనిషి ఎదురుగా కూర్చుని నోటితో చెబితే అది సోది. అదే మనిషి అదే ముక్క బ్లాగులో రాస్తే సాహిత్యం. పైన తేదీ, కింద కామెంట్లు, పక్కన చెప్పుల ప్రకటన కూడా ఉంటే ఇంక అడగాలా? విజ్ఞాన సర్వస్వం.

పైగా వెబ్‌సైటుకున్న మర్యాద మనుషులకుందా? గుమ్మంలో అడుగుపెట్టామో లేదో "మీ అనుమతి కావాలి" అంటుంది. ఒప్పుకుంటారా, ఒప్పుకోరా అని రెండు గళ్ళు చూపించి చేతులు కట్టుకు నిలబడుతుంది. ఒప్పుకోనంటే ఏమీ అనుకోదు, కాసేపాగి మళ్ళీ అడుగుతుంది. నాకు పెళ్ళయి చాలా ఏళ్ళయింది. ఇంట్లో ఏ విషయానికైనా ఎవరైనా నా అనుమతి అడిగారేమోనని ఇప్పుడే గుర్తు చేసుకుని చూశాను. లేదు.

నేను వెలికితీసిన ఆణిముత్యాలు మీకు గుర్తుండే ఉంటాయి. పార్కుల్లో బెంచీల మీద కూర్చుని, నడుముకి ఎంత హాయిగా ఉందో చూసి మార్కులు వేసే పెద్దాయన బ్లాగు. ఒక బెంచీకి సున్నా వేశాక కూడా కోపం చల్లారక, దాన్ని తిడుతూ ఆయన రాసిన వ్యాసం చదివి నేను కళ్ళనీళ్ళు పెట్టుకున్నాను. లిఫ్టులో జనం ఎటు చూస్తూ నిలబడతారో బొమ్మలు గీసి పెట్టే లిఫ్టు మెకానిక్కు బ్లాగు. అచ్చంగా నత్తల నిద్ర గురించే రాసే సైటు. పోయిన గొడుగులు చివరికి ఎక్కడికి చేరతాయో పరిశోధించే సైటు. ఆ చివరిది చదువుతూనే నా గొడుగు బస్సులో మరిచిపోయాను. పరిశోధనకి నా వంతు సాయం అనుకున్నాను.

ఇలాంటి పనికి ఏకాగ్రత కావాలి. ఇంట్లో అది దొరికేది కాదు.

మా ఇంట్లో ముగ్గురం. నేను, మా ఆవిడ, మా అత్తగారు. మా ఆవిడ డ్రైవింగ్ స్కూల్లో పాఠాలు చెబుతుంది. స్టీరింగు నేర్చుకునేవాడి చేతిలో ఉంటుంది, రెండో బ్రేకు ఆవిడ కాలి కింద ఉంటుంది. ఇంట్లోనూ అదే ఏర్పాటు. మా అత్తగారు టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ఆపరేటరుగా చేసి రిటైరయ్యారు. ఒకరి మాట తీసుకెళ్ళి ఇంకొకరి చెవిలో వేయడమే ఆవిడ ఉద్యోగం. ఉద్యోగం అయిపోయింది గానీ అలవాటు పోలేదు. భోజనాలకి కూర్చోగానే, "ఒకసారి ఎక్స్ఛేంజీలో ఏమైందంటే అల్లుడుగారూ..." అని అందుకునేవారు.

నేను "ఊఁ" అనేవాణ్ణి. అంటూనే బల్ల కింద ఫోనులో నత్తలెలా పడుకున్నాయో చూసుకునేవాణ్ణి. ఎక్స్ఛేంజీలో ఏమయ్యేదో నాకు తెలియదు గానీ, మర్యాద తెలిసినవాణ్ణి కాబట్టి ఊఁ కొట్టడం మాత్రం ఏనాడూ మానలేదు.

ఎంతకని కొడతాను? చివరికొక ఉపాయం తట్టింది. మూలపడి ఉన్న నా పాత లాప్‌టాప్ దులిపి ఆవిడ గదిలో పెట్టాను. అందులో ఒక కీ ఊడిపోయింది గానీ మిగతావన్నీ ఉన్నాయి.

"మీకు కాలక్షేపంగా ఉంటుందత్తయ్యా," అన్నాను.

"దీంతో ఏం చెయ్యాలి బాబూ?"

"ఏమైనా చెయ్యొచ్చు. ఏమీ చెయ్యకపోయినా ఫరవాలేదు. మేమంతా చేసేది అదే."

ఆవిడ దాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు. "మా ఎక్స్ఛేంజీ స్విచ్‌బోర్డు కంటే చిన్నదే," అన్నారు.

ఆ తర్వాత నుంచి మధ్యాహ్నాలు ఆవిడ గదిలోంచి టకటకమని చప్పుడు వినిపించేది. భోజనాల దగ్గర మాత్రం మహా ప్రశాంతత. కంచాల చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. ఆ ప్రశాంతతలోనే నా జీవితంలోకెల్లా గొప్ప బ్లాగు దొరికింది. పేరు "లైన్‌లో ఉండండి".

అది ఒకప్పటి టెలిఫోన్ ఆపరేటరు చెబుతున్నట్టుగా సాగుతుంది.

మీకు ఈపాటికి విషయం అర్థమైపోయి ఉంటుంది. నాకు కాలేదు. మామూలు పాఠకుడికీ నిపుణుడికీ ఉన్న తేడా అదే.

మొదట చదివింది ఒక మొగుడూ పెళ్ళాల కథ. ఇద్దరూ దెబ్బలాడుకున్నారు, ఆవిడ పుట్టింటికి వెళ్ళిపోయింది. ఒక సాయంత్రం ఆయన అక్కడికి ట్రంక్‌కాల్ బుక్ చేశాడు. సరిగ్గా అప్పుడే ఆవిడా ఇక్కడికి బుక్ చేసింది. ఇద్దరికీ ఎంగేజ్. "అంతసేపు ఎవరితో మాట్లాడుతోందండీ?" అని ఆయన ఆపరేటరు మీద లేచాడు. "ఎవరితోనో ఆ కబుర్లు?" అని ఆవిడా లేచింది. అటువైపు వాళ్ళు కూడా మీకోసమే చూస్తున్నారు, ఎవరో ఒకరు ఫోను పెట్టేయండి అని ఆపరేటరు ఇద్దరికీ చెప్పింది. ఎవరూ పెట్టలేదు. ముందు పెట్టినవాళ్ళు ఓడిపోయినట్టట. చివరికి ఆపరేటరే లైన్లు కలిపేసి, "ముందు ఆయనే చేశారమ్మా" అని ఆవిడ చెవిలోనూ, "ముందు ఆవిడే చేశారండీ" అని ఆయన చెవిలోనూ వేసి, మెల్లగా పక్కకి తప్పుకుంది.

ఆఫీసులో అందరూ తలలెత్తి చూసేలా నవ్వాను. ఆ వారమే కాలమ్‌లో బ్లాగుని ఆకాశానికెత్తేశాను. రాసింది ఎవరో పేరు లేదు కాబట్టి నా బుర్రకి పనిపెట్టి అదీ తేల్చేశాను. "ఈ రచయిత ముప్పయ్యేళ్ళు దాటని యువకుడు. ఆడవాళ్ళ మనసు ఇంత సహజంగా పట్టుకోవాలంటే మగవాడై ఉండాలి. ఇవన్నీ కష్టపడి సేకరించిన నిప్పులాంటి నిజాలు" అని రాశాను. ఒక్క పాఠకుడూ కాదనలేదు. అందుకే కాలమ్ రాయడమంటే నాకిష్టం.

మంచి వస్తువు దొరికితే ఇంట్లోవాళ్ళతో పంచుకోవాలి కదా. కొత్త పోస్టు రాగానే భోజనాల బల్ల దగ్గర పైకి చదవడం మొదలుపెట్టాను. ఆ రోజు పోస్టు "ఊఁ" గురించి. ఫోనులో అవతలివాడు కొట్టే ఊఁ బట్టి వాడు వింటున్నాడో లేదో ఆపరేటరు చెప్పగలదట. వింటున్నానూ, ఇంకా చెప్పూ అనే ఊఁ ఒకటి. విన్నాను, ఇక ఆపు అనే ఊఁ ఇంకొకటి. ఒక్క ముక్కా చెవికెక్కకపోయినా కొట్టే ఊఁ మరొకటి. ఇది అల్లుళ్ళలో ఎక్కువ.

"ఆ అల్లుడెవడో గానీ పాపం దొరికిపోయాడు," అని నవ్వాను.

మా ఆవిడకి పొలమారింది.

"ఆ ఊఁలో ఇంకో రకం కూడా ఉంది బాబూ," అన్నారు అత్తగారు, మంచినీళ్ళ గ్లాసు కూతురి ముందుకి జరుపుతూ. "అది రాయడం మరిచి..."

"అత్తయ్యా, ఒక్క నిమిషం. పూర్తి చెయ్యనివ్వండి. ఇది చాలా గొప్ప రచన. మధ్యలో అడ్డొస్తే పట్టు పోతుంది."

"సరే, కానివ్వండి," అన్నారావిడ.

అంత గొప్ప రచయితని ముఖాముఖి కలవకపోతే ఎలా? బ్లాగులో ఇచ్చిన ఈమెయిలుకి నా హోదా, అనుభవం, అభిమానం అన్నీ కలిపి పెద్ద ఉత్తరం రాసి, దర్శనం ఇప్పించమని అడిగాను. మర్నాడే జవాబు వచ్చింది. "తప్పకుండా రండి. మధ్యాహ్నాలు ఖాళీగానే ఉంటాను. మూడో అంతస్తు, లిఫ్టుకి ఎదురు తలుపు. లోపలికి వచ్చాక ఎడమవైపు గది. మీరు బెల్లు కొట్టనక్కర్లేదు." కింద వీధి పేరూ ఇంటి నంబరూ ఉన్నాయి.

ఇంకోసారి చదివాను. అది మా ఇంటి అడ్రసు.

నాకు వెంటనే అర్థమైంది. వాడు రచయిత కాదు, సైబర్ నేరగాడు. నా వివరాలన్నీ లాగేశాడు. గబగబా ఉన్న పాస్‌వర్డులన్నీ మార్చేశాను. మార్చినవాటిలో సగం అప్పుడే మరిచిపోయాను. వాచ్‌మన్‌కి ఫోను చేసి, అనుమానంగా కనిపించే ముప్పయ్యేళ్ళ కుర్రవాళ్ళని పైకి పంపొద్దని చెప్పాను. హడావుడిగా ఇంటికి వచ్చేసరికి మా ఆవిడ సోఫాలో కూర్చుని చెప్పులు విప్పుకుంటోంది. ఈమెయిలు చూపించాను. ఆవిడ నిదానంగా చదివింది.

"ఎడమవైపు గదిలో ఎవరుంటారండీ?"

"అత్తయ్య ఉంటారు. అదే నా భయం. వాడికి ఆవిడ గది కూడా తెలిసిపోయింది."

"అయితే వెళ్ళి మా అమ్మ క్షేమంగా ఉందో లేదో చూసి రండి," అంది, బ్రేకు మీంచి కాలు తీసి.

వెళ్ళాను. అత్తగారు ఇస్త్రీ బల్ల మీద లాప్‌టాప్ పెట్టుకుని, ఊడిన కీ ఉన్నచోట చొక్కా గుండీ ఒకటి అంటించుకుని, దర్జాగా టైపు చేసుకుంటున్నారు. తెర మీద "లైన్‌లో ఉండండి" కనబడుతోంది.

"మీరు కూడా ఈ బ్లాగు చదువుతారా అత్తయ్యా?"

"ఇది రాసే చోటు బాబూ. చదివేది వేరేగా ఉంటుంది," అన్నారావిడ. "కూర్చోండి. మీరు వస్తారని కుర్చీ ఖాళీ చేసి పెట్టాను."

కుర్చీ మీద బట్టలు నిజంగానే లేవు. కూర్చున్నాను. నా మేధస్సు అప్పటికి పనిచేయడం మొదలుపెట్టింది.

"ఇన్ని సంగతులు నాకెప్పుడూ చెప్పలేదేమిటి?"

"చెప్పాను. మీరు ఊఁ అన్నారు."

అది ఎన్నో రకం ఊఁ అని అడగడానికి ధైర్యం చాలలేదు. "మరి ముప్పయ్యేళ్ళ యువకుడని రాసేశాను కదా," అన్నాను నీరసంగా.

"అది చదివి నాకు భలే సంతోషమేసింది. మోకాళ్ళ నొప్పులు కూడా కాస్త తగ్గినట్టనిపించింది."

ఇంకొకరైతే సిగ్గుపడి ఊరుకునేవాళ్ళు. నేను కాలమిస్టుని. మరుసటి ఆదివారం "మా ఇంట్లో నేను పెంచిన ప్రతిభ" అని రాశాను. దెబ్బకి అత్తగారి పేరు మోగిపోయింది. ఆవిడ "ఒకసారి ఎక్స్ఛేంజీలో" అనగానే చెప్పులు వెతుక్కునే చుట్టాలందరూ వరసగా ఫోన్లు చేశారు. ఆవిడ అక్క కొడుకు చేసినప్పుడు నేను అక్కడే ఉన్నాను, ఆవిడ స్పీకర్లో పెట్టారు.

"పిన్నీ, నీ కొత్త పోస్టు అదిరింది. పడీ పడీ నవ్వామంటే నమ్ము."

"అది నీకు చెప్పిందేరా. మీ ఇంట్లోనే, మీ సోఫాలోనే కూర్చుని చెప్పాను."

"చెప్పావా? ఏమో. చదివితే ఆ రుచే వేరు పిన్నీ."

చూశారా, నా సిద్ధాంతం ఎంత గట్టిదో.

ఇక మా ఇంట్లో ఆవిడకి దక్కిన గౌరవం అంతా ఇంతా కాదు. భోజనాల దగ్గర పొరపాటున ఏదైనా మొదలుపెడితే నేనే చెయ్యెత్తి ఆపేవాణ్ణి. "వద్దత్తయ్యా. ఇక్కడ మా ఇద్దరికీ చెప్పేస్తే వృథా అయిపోతుంది. రాసెయ్యండి. లింకు పంపండి." ఆవిడ బుద్ధిగా తలూపి, తినేసి, గదిలోకి వెళ్ళి రాసేవారు. లింకు వచ్చేది. నేను నా గదిలో చదివి, కింద చప్పట్ల బొమ్మ పెట్టేవాణ్ణి. ఆవిడ తన గదిలోంచి దణ్ణం బొమ్మ పెట్టేవారు. అత్తా అల్లుళ్ళు ఇంత సఖ్యంగా ఉన్న ఇల్లు ఇంకొకటి చూపించండి. రానురాను ఆవిడ నోటి వెంట "ఆ జగ్గు ఇటివ్వండి" తప్ప ఇంకో మాట వచ్చేది కాదు.

ఉన్నట్టుండి బ్లాగు ఆగిపోయింది.

మొదట్లో ఎవరూ పట్టించుకోలేదు. తర్వాత పాఠకులు కంగారుపడ్డారు. "మేడమ్, ఆరోగ్యం ఎలా ఉంది?" అని ఒకరు. "ఆవిడ ఇంట్లోవాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే దయచేసి క్షేమసమాచారం తెలపండి" అని ఇంకొకరు. అరగంటకోసారి పేజీ తెరిచి చూసుకున్నాను. చివరికి ఉండబట్టలేక నేనూ కూర్చుని, "గౌరవనీయులైన రచయిత్రి గారికి" అని కామెంటు మొదలుపెట్టాను.

మా ఆవిడ వెనకనుంచి వచ్చి ఫోను లాక్కుంది. "గోడ అవతలుంది మా అమ్మ. తలుపు తట్టండి."

తట్టాను. లాప్‌టాప్ మూసి కిటికీలో పెట్టి ఉంది. ఇస్త్రీ బల్ల మళ్ళీ ఇస్త్రీ బల్ల అయిపోయింది. ఆవిడ దిండు గలీబులు ఇస్త్రీ చేస్తున్నారు.

"రాయడం లేదేం అత్తయ్యా? మీ పాఠకులు బెంగపెట్టుకున్నారు."

"ఏం రాయను బాబూ? మాటలోంచి మాట వస్తుంది. ఎవరితోనైనా ఒకటి చెబుతుంటే మధ్యలో ఇంకొకటి గుర్తొస్తుంది. ఆ గుర్తొచ్చిందే బావుంటుంది ఎప్పుడూ. ఒక్కదాన్నే కూర్చుంటే ఉన్నవే తిరిగి తిరిగి వస్తున్నాయి."

"అయితే నాకు చెప్పండి. వింటాను."

ఆవిడ ఇస్త్రీపెట్టె నిలబెట్టి నావైపు చూశారు. "నా సంగతి తర్వాత. మీకేమైంది? ఈ మధ్య సగం తిని లేచిపోతున్నారు."

"ఏమీ లేదు."

"ఫోనులో 'ఏమీ లేదు' అన్నవాళ్ళ కాల్ అంత తొందరగా తెగేది కాదు," అన్నారావిడ, కుర్చీ నావైపు జరిపి.

నేను మీకెవరికీ చెప్పని సంగతి, మా ఆవిడక్కూడా చెప్పని సంగతి, అక్కడ చెప్పాను. మా ఎడిటరు గదిలోకి పిలిచి, బ్లాగులు పరిచయం చేయడానికి ఇంకా మనిషి ఎందుకండీ, ఎవరికి ఏది నచ్చుతుందో మెషీనే చెప్పేస్తోంది కదా అన్నాడు. కాలమ్ ఉంచాలా వద్దా ఆలోచిస్తున్నాం అన్నాడు. అప్పటి నుంచి నాకు ముద్ద దిగడం లేదు. వేరే పని నాకు చేతకాదు. బెంచీల గురించి, గొడుగుల గురించి అంత తెలిసినా, ఇంటికొచ్చి మా ఆవిడ ఎదురుగా కూర్చుని ఈ ఒక్క సంగతి ఎలా మొదలుపెట్టాలో తెలియలేదు.

అత్తగారు విన్నారు. వినడమంటే ఏమిటో అప్పుడు చూశాను. ఒకప్పుడు హెడ్‌ఫోను ఉండే చెవి వైపు తల కొంచెం వంచి, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. నేను ఆగితే తొందరపడి ఏదీ అనలేదు. ఆగినంత మాత్రాన కాల్ అయిపోయినట్టు కాదని ఆవిడకి తెలుసు. సలహా ఇవ్వలేదు. అంతా అయ్యాక, "అమ్మాయికి కూడా ఇలాగే చెప్పండి, ఇంతే చెప్పండి," అన్నారు. ఆ సాయంత్రం చెప్పాను. మా ఆవిడ నా చెయ్యి పట్టుకుని, "ఇన్నాళ్ళూ గేరు న్యూట్రల్లో పెట్టి ఎక్సలరేటరు తొక్కుతున్నారన్నమాట," అంది. అంతకంటే ప్రేమగా మాట్లాడటం డ్రైవింగ్ స్కూల్లో నేర్పరు.

అప్పుడు నాకు ఇంకో భయం పట్టుకుంది. అత్తగారు బ్లాగులో రాసేస్తే? ఊరందరికీ తెలిసిపోదూ? పేజీ తెరిచాను, మూశాను. ఏమీ రాలేదు. మర్నాడు నేనే వెళ్ళి అడిగేశాను.

"ఆపరేటరు విన్నది బయటపెట్టదు బాబూ," అన్నారావిడ.

"మరి బ్లాగులో రాసినవన్నీ?"

"అవా? నేను కల్పించినవి. నిజంగా విన్నది ఒక్కటీ రాయలేదు."

నిప్పులాంటి నిజాలని అచ్చులో హామీ ఇచ్చిన నిపుణుణ్ణి నేను. ఆ హామీని వెనక్కి తీసుకుంటున్నానని ఇందుమూలంగా తెలియజేసుకుంటున్నాను.

ఇప్పుడు బ్లాగు మళ్ళీ నడుస్తోంది, కల్పనకి కొదవేముంది? ఎడిటరు నా కాలమ్‌ని తీసెయ్యలేదు గానీ గళ్ళనుడికట్టు కిందికి దించాడు. మధ్యాహ్నం నేను ఇంట్లో ఉంటే ముగ్గురం టీ పట్టుకుని ఆ గదిలో చేరతాం. విన్నవి ఆవిడ చెప్పరు, తనకి జరిగినవి చెబుతారు. వాటికి తలా తోకా ఉండదు. పేరాలుండవు. మధ్యలో అడ్డొస్తే మళ్ళీ మొదటినుంచి వస్తాయి. ఒకసారి చెప్పినట్టు ఇంకోసారి చెప్పరు. ఏ వెబ్‌సైటుకీ పనికిరాని సరుకు. దయచేసి లింకు అడగకండి.

మీరు ఇక్కడిదాకా వచ్చేలోగా లోపలి గదిలోంచి ఎవరో మిమ్మల్ని పిలిచారు. మీరు కాగితం మీంచి కళ్ళు తిప్పకుండా "ఒక్క నిమిషం" అన్నారు. వాళ్ళు మళ్ళీ పిలవలేదు.

నా కాలమ్ అంత ఆసక్తిగా చదివినందుకు కృతజ్ఞతలు.